బ్యాకప్ కోసం కొన్న నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఇంటి ఫైళ్లన్నీ పెట్టుకోవచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

రౌటర్‌కి వైరుతో తగిలించి, ఇంట్లో లాప్‌టాప్‌లూ ఫోన్లూ అన్నీ వైఫైలోంచి వాడుకునే హార్డ్‌డిస్క్ పెట్టె గురించి ఇది. కొందరు న్యాస్ అంటారు, కొందరు నెట్‌వర్క్ డ్రైవ్ అంటారు, మా ఇంట్లో "నల్ల పెట్టె" అంటారు. చాలామంది దీన్ని లాప్‌టాప్ బ్యాకప్ కోసమే కొంటారు, నేనూ అంతే. కొన్నాక లోపల బోలెడు ఖాళీ కనిపిస్తుంది, పెళ్లి వీడియోలు, పిల్లల ఫోటోలు, పొలం కాగితాల స్కాన్లు, పాత సినిమాలు ఒక్కొక్కటే అందులోకి చేరతాయి. మా చుట్టాలూ అపార్ట్‌మెంట్‌లో వాళ్లూ నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అసలు పెట్టుకోవచ్చా, లేదా?

పెట్టుకోవచ్చు. దానికి అదేమీ అడ్డు చెప్పదు, బ్యాకప్ అయినా సినిమా అయినా డిస్కుకి ఒకటే. కాకపోతే ఒక్క విషయం బుర్రలో గట్టిగా పెట్టుకోవాలి. లాప్‌టాప్‌లో ఉన్న ఫైలు ఇందులోకి కాపీ అయితే అది బ్యాకప్, ఎందుకంటే ఆ ఫైలు రెండు చోట్ల ఉంది. లాప్‌టాప్‌లో జాగా లేదని అదే ఫైలుని ఇందులోకి జరిపి అక్కడ తీసేశారనుకోండి, ఇప్పుడు అది ఒక్కచోటే ఉంది. పెట్టె మీద బ్యాకప్ అని రాసి ఉన్నా సరే, ఆ ఫైలుకి బ్యాకప్ లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బ్యాకప్ తీయడానికి లాప్‌టాప్‌తో పాటే వచ్చే ప్రోగ్రాములు, మ్యాక్‌లో టైమ్ మెషీన్ గానీ విండోస్‌లో ఫైల్ హిస్టరీ గానీ, లాప్‌టాప్ లోపల ఉన్నవాటినే చూసుకుంటాయి, నెట్‌వర్క్ డ్రైవ్‌లో మీరు విడిగా పెట్టుకున్న ఫోల్డర్లను టైమ్ మెషీన్ ముట్టుకోదు. "రోజూ బ్యాకప్ అవుతోంది కదా" అని ధీమాగా ఉంటాం, ఆ బ్యాకప్‌లో ఇవి ఉండవు.

దీని గురించి మీకు ఎందుకంత టెన్షన్?

ఒకసారి పోగొట్టుకున్నాను కాబట్టి. ఇప్పటి పెట్టె కాదు, అంతకు ముందు ఒకే డిస్కు ఉన్న డ్రైవ్ వాడేవాణ్ణి. నాన్నగారి షష్టిపూర్తి ఫోటోలు, వీడియో కలిపి 180 జీబీ దాకా ఉండేవి. లాప్‌టాప్ నిండిపోయిందని అన్నీ డ్రైవ్‌లోకి జరిపి ఇక్కడ డిలీట్ చేశాను. ఏడాది తిరక్కుండానే డిస్కు టిక్, టిక్ అని మూడుసార్లు కొట్టుకుని ఆగిపోవడం మొదలుపెట్టింది. డేటా తీసిచ్చే షాపుకి పట్టుకెళ్తే 38 వేలు అడిగారు, ఇచ్చాను. మూడు వారాల తర్వాత వచ్చిన పెన్‌డ్రైవ్‌లో సగం ఫోటోలు పైన బాగానే ఉన్నాయి, కింద సగం బూడిద రంగు పట్టీ. దండలు మార్చుకునే ఫోటోలో అమ్మా నాన్నల ముఖాలు వచ్చాయి, చేతులు, దండలు పోయాయి. బంధువుల వాట్సాప్‌లలో మిగిలిన చిన్న సైజు ఫోటోలే ఇప్పుడు మాకున్నవి. కింద రాసినవాటిలో ఎక్కువ భాగం ఆ తర్వాత నేర్చుకున్నవే.

నా దాంట్లో రెండు డిస్కులున్నాయి, మిర్రర్ పెట్టాను. అది చాలదా?

చాలదు, కానీ పెట్టడం మంచిదే. మిర్రర్ అంటే రెయిడ్ 1. చెరో 4 టీబీ ఉన్న రెండు డిస్కులు పెడితే మీకు వాడుకోవడానికి వచ్చేది 4 టీబీయే, ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాసుకుంటుంది. ఒక డిస్కు పోతే రెండోదాని మీద బండి నడుస్తుంది, కొత్తది పెట్టగానే మళ్లీ జత కడుతుంది. నా పాత డ్రైవ్‌కి ఇదుంటే ఆ ఫోటోలు దక్కేవి.

అయితే మీరు పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లకు తాళం వేస్తే రెండింట్లోనూ వేస్తుంది. పిడుగు పడి పెట్టె కాలినా, దొంగ ఎత్తుకుపోయినా రెండూ కలిసే పోతాయి. మిర్రర్ కాపాడేది డిస్కు చావు నుంచి ఒక్కటే.

మరి రెండో కాపీ ఎక్కడ పెట్టాలి?

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 అనే లెక్క ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. ఇంట్లో ఉన్న ప్రతి సినిమాకీ ఇంత చేయక్కర్లేదు. మళ్లీ దొరికేవి, మళ్లీ దొరకనివి అని ఫైళ్లను రెండు కుప్పలు చేయండి. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు పోతే పోయాయి. ఫోటోలు, ఇంటి వీడియోలు, దస్తావేజుల స్కాన్లు, పిల్లల మార్కుల మెమోలు, ఈసీలు రెండో కుప్ప. మా ఇంట్లో మొత్తం 3 టీబీ ఉంటే ఈ రెండో కుప్ప 700 జీబీ దాటలేదు.

దానికి ఒక మామూలు యూఎస్‌బీ డిస్కు చాలు. పెట్టె వెనకున్న యూఎస్‌బీ పోర్టుకి తగిలిస్తే చాలా న్యాస్‌లలో బ్యాకప్ చేసే యాప్ లోపలే ఉంటుంది, నెలకోసారి తగిలించి, అయిపోగానే తీసేయాలి. తీసేయడం ముఖ్యం, తగిలించే ఉంచితే పిడుగుకి, వైరస్‌కి అదీ దొరుకుతుంది. నేను ఇలాంటివి రెండు కొన్నాను. ఒకటి ఇక్కడ బీరువాలో, ఇంకోటి ఊళ్లో అత్తయ్యగారింట్లో. సంక్రాంతికీ దసరాకీ వెళ్లినప్పుడు మార్చుకుంటాం. ఏడాదికి రెండుసార్లే అయినా ఇంటి బయట కాపీ ఉన్నట్టు లెక్క.

క్లౌడ్‌లో పెట్టుకోగలిగితే ఇంకా మంచిది, నెట్ అప్‌లోడ్ స్పీడు చూసుకోండి. 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంటే 1 టీబీ ఎక్కడానికి ఆగకుండా 44 గంటలు పడుతుంది. గూగుల్ ఫోటోస్‌లో లెక్కలేనన్ని ఫోటోలు ఉచితంగా పెట్టుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయి, ఇప్పుడు మెయిల్, డ్రైవ్ అన్నిటికీ కలిపి ఉచితం 15 జీబీ.

టైమ్ మెషీన్ జాగా మొత్తం తినేస్తోంది, నా ఫైళ్లకి చోటు లేదు. ఏం చేయాలి?

అది దాని పద్ధతి. గడిచిన 24 గంటలకి గంటకొకటి, గడిచిన నెలకి రోజుకొకటి, అంతకు ముందువి వారానికొకటి దాచుకుంటూ పోతుంది, చోటు నిండితేనే పాతవి తీస్తుంది. హద్దు చెప్పకపోతే డిస్కు చివరిదాకా పాకుతుంది. కాబట్టి పెట్టె సెట్టింగుల్లో బ్యాకప్‌కి విడిగా ఒక షేర్డ్ ఫోల్డర్, విడిగా ఒక యూజర్ పెట్టి దానికి కోటా కట్టండి. లాప్‌టాప్‌లో 512 జీబీ ఉంటే 1 టీబీ, అంటే రెట్టింపు ఇస్తే సరిపోతుంది. ఇది మొదటిరోజే చేయాలి. నిండాక కోటా పెడితే సర్దుకోవడానికి నానా తంటాలు పడుతుంది, ఒక్కోసారి పాత బ్యాకప్ తీసేసి మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఫోల్డర్లు ఎలా విడగొట్టాలి?

మాది నాలుగు: బ్యాకప్‌లు, ఫోటోలు, కాగితాలు, సినిమాలు. కాగితాలు నాకూ మా ఆవిడకీ తప్ప ఎవరికీ కనిపించవు. పిల్లల యూజర్‌కి సినిమాలు చూడ్డానికే అనుమతి, రాయడానికి లేదు. అందరూ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో తిరిగితే ఎవరి లాప్‌టాప్‌లో వైరస్ దూరినా అన్ని ఫోల్డర్లూ దాని చేతికి వెళ్తాయి, కాబట్టి ఎవరి యూజర్ వాళ్లకి ఉండాలి. రోజువారీ వాడకానికి మీరు కూడా అడ్మిన్ వాడొద్దు.

కాపీ చచ్చేంత స్లోగా ఉంది. పెట్టె పాడైందా?

పెట్టె పాడవడం అరుదు, ముందు వైరు చూడండి. మా అపార్ట్‌మెంట్‌లో నేను చూసిన నాలుగు ఇళ్లలో మూడింట్లో తప్పు వైరుదే.

గిగాబిట్ స్పీడు రావాలంటే వైరులో ఎనిమిది తీగలూ కనెక్టర్‌లో కూర్చోవాలి. 100 ఎంబీపీఎస్‌కి నాలుగు చాలు. ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చే కుర్రాళ్లు కొందరు తొందరలో నాలుగే క్లిప్ చేసి వెళ్తారు, నెట్ ప్లాన్ 100 లోపే కాబట్టి మీకు తేడా తెలియదు. న్యాస్ తగిలించాకే బయటపడుతుంది. ఆ పారదర్శకమైన ప్లాస్టిక్ కనెక్టర్‌ని వెలుతురులో పట్టుకుని చూడండి: నారింజ, ఆకుపచ్చ జతలు మాత్రమే లోపలికి వెళ్లి, నీలం, గోధుమ రంగు తీగలు బయట కత్తిరించి ఉంటే దొంగ దొరికినట్టే. పక్కింటి వాళ్లది అలాగే ఉంది. వైరు అంతా బాగుంది, కొనకే ఆ నాలుగు తీగలూ లేవు. క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 అని రాసి ఉన్న రెడీమేడ్ వైరు మార్చాక సెకనుకి 11 ఎంబీ నుంచి 110 ఎంబీకి వెళ్లింది. 1 టీబీ కాపీకి ఒక రోజంతా పట్టేది రెండున్నర గంటల్లో అయిపోతుంది.

పాత రౌటర్లలో పోర్టులే 100వి ఉంటాయి, అప్పుడు వైరు మార్చినా లాభం లేదు, చిన్న గిగాబిట్ స్విచ్ తెచ్చుకోవాలి. మొదటిసారి చేసే పెద్ద బ్యాకప్ మాత్రం వైఫైలో వద్దు, లాప్‌టాప్‌ని వైరుతో తగిలించి రాత్రంతా వదిలేయండి. తర్వాత రోజూ అయ్యే చిన్నవి వైఫైలో హాయిగా అవుతాయి.

నెట్‌వర్క్ డ్రైవ్‌లో డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌లో కనిపించట్లేదు.

కనిపించదు. మీ లాప్‌టాప్ బిన్ లాప్‌టాప్ ఫైళ్లకే. నెట్‌వర్క్‌లో డిలీట్ కొడితే నేరుగా పోతుంది. పెట్టె సెట్టింగుల్లో ప్రతి షేర్డ్ ఫోల్డర్‌కీ రీసైకిల్ బిన్ ఆన్ చేసే వీలు చాలావాటిలో ఉంటుంది, ఇప్పుడే వెళ్లి చేయండి. మీ పెట్టెలో స్నాప్‌షాట్ సౌకర్యం ఉంటే అది ఇంకా గట్టిది, రోజుకోసారి ఫోల్డర్ ఎలా ఉందో గుర్తుపెట్టుకుంటుంది. వైరస్ అన్నిటికీ తాళం వేసినా నిన్నటి రూపం వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఏమేం పెట్టకూడదు?

తెరిచి ఉంచి పని చేసే డేటాబేస్ లాంటివి. అవుట్‌లుక్ మెయిల్ దాచే పీఎస్‌టీ ఫైలుని నెట్‌వర్క్ మీంచి వాడొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది, మధ్యలో వైఫై తెగితే ఆ ఫైలు పాడవుతుంది. షాపు లెక్కలు ఇంట్లో చూసుకునేవాళ్లు ట్యాలీ డేటాని లాప్‌టాప్‌లోనే ఉంచి, సాయంత్రం దుకాణం కట్టేశాక దాని బ్యాకప్ ఇక్కడికి పంపుకోండి. వీడియో ఎడిటింగ్ కూడా వైఫైలో నరకం, ముందు లాప్‌టాప్‌లోకి తెచ్చుకుని పని అయ్యాక తిరిగి పెట్టండి.

విండోస్ అప్‌డేట్ అయ్యాక డ్రైవ్ తెరుచుకోవడమే లేదు.

పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వాడుతున్నారా? విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ నుంచి, ముఖ్యంగా ప్రో ఎడిషన్‌లో, గెస్ట్‌గా వెళ్లడం ఆపేశారు. రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో) ఏదో మార్చి పాత పద్ధతి తెచ్చుకునే చిట్కాలు దొరుకుతాయి, వాటి జోలికి పోకుండా పెట్టెలో మీ పేరున యూజర్, పాస్‌వర్డ్ పెట్టుకోండి, రెండు నిమిషాల పని. చాలా పాత డ్రైవ్‌లైతే ఎస్‌ఎంబీ1 అనే పాత భాష మాత్రమే మాట్లాడతాయి. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై వైరస్ పాకింది ఆ దారిలోనే. అలాంటి పెట్టె కోసం ఎస్‌ఎంబీ1ని మళ్లీ ఆన్ చేయొద్దు, అందులో ఉన్నవి బయటికి తీసుకుని దాన్ని పక్కన పెట్టేయండి.

ఫైళ్లకి తెలుగులో పేర్లు పెట్టొచ్చా?

నిరభ్యంతరంగా. నేను పెడతాను. "అమ్మమ్మ ఊరు ఎండాకాలం 2011" అని ఉంటే మా అమ్మకి వెతుక్కోవడం తేలిక. ఒక్క హద్దు తెలుసుకోండి. ఈ పెట్టెల్లో సాధారణంగా ఒక పేరుకి 255 బైట్ల వరకే చోటు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతం గుర్తుకీ మూడేసి కావాలి. అంటే 85 గుర్తుల దగ్గర ఆగిపోతుంది, ఒక్క "స్త్రీ" అనే మాటకే ఆరు గుర్తులు, 18 బైట్లు. సైనాలజీ లాంటి కంపెనీల పెట్టెల్లో ఫోల్డర్‌కి ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని తాళం) పెడితే హద్దు 143 బైట్లకి, అంటే తెలుగులో 47 గుర్తులకి పడిపోతుంది. మా బాబాయిగారు తాతగారి ఉత్తరాల స్కాన్లకి ఉత్తరంలో మొదటి వాక్యం మొత్తం పేరుగా పెట్టారు, కాపీ అవుతూ అవుతూ కొన్ని ఫైళ్ల దగ్గర తప్పు చూపించి ఆగింది, కారణం ఇదే. పేరు పొట్టిగా పెట్టి తేదీ ముందు రాస్తే వరస కూడా బాగుంటుంది.

ఇంకోటి, అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లుంటే వాటిలోపలి మాటలు వెతికితే దొరకవు, అది కంప్యూటర్లన్నీ తెలుగుగా గుర్తించే యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ ఫైళ్లని కూడా అదే ఫోల్డర్‌లో దాచి, ఒక పీడీఎఫ్ తీసి పక్కన పెట్టండి.

కరెంటు పోతే?

రాస్తుండగా పోతే ఆ ఫైలు, ఒక్కోసారి మొత్తం ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది. ఇన్వర్టర్ ఉన్నవాళ్లు దాని మీద స్విచ్ చూడండి, చాలావాటికి యూపీఎస్ మోడ్ ఉంటుంది, అందులో పెడితే కరెంటు మారేటప్పుడు వచ్చే కుదుపు తగ్గుతుంది. ఇంకా మంచి దారి, యూఎస్‌బీ వైరు ఉన్న చిన్న యూపీఎస్. ఆ వైరు పెట్టెకి తగిలిస్తే బ్యాటరీ అడుగంటే లోపే పెట్టె తనంతట తనే పద్ధతిగా ఆగిపోతుంది. పిడుగుల రోజుల్లో కరెంటు ప్లగ్గుతో పాటు నెట్‌వర్క్ వైరు కూడా తీసేయండి.

ఎక్కడ పెట్టాలి?

గాలి ఆడే చోట. బీరువాలో, మూసిన టీవీ కప్‌బోర్డులో, ఇన్వర్టర్ పక్కన వద్దు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గదే 38 డిగ్రీలుంటే లోపల డిస్కు సులువుగా 50కి ఎక్కుతుంది. నేను 45 దాటితే మెయిల్ వచ్చేలా పెట్టుకున్నాను. ఫ్యాను జాలి మీద దుమ్ము నెలకోసారి బ్రష్‌తో దులపండి.

అమెరికాలో ఉన్న చెల్లి చూడాలంటే?

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది, ఈ ప్రశ్న మొదట అడిగింది తనే. చాలామంది చెప్పే దారి రౌటర్‌లో పోర్టు తెరవడం, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి పెట్టెకి నేరుగా దారి ఇవ్వడం. చేయొద్దు. 2021 జూన్‌లో డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) కంపెనీ మై బుక్ లైవ్ డ్రైవ్ వాడుతున్నవాళ్లు ఒక ఉదయం లేచేసరికి డ్రైవ్ మొత్తం ఖాళీగా కనిపించింది, ఎవరో ఇంటర్నెట్ మీంచి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు. 2022 జనవరిలో క్యూనాప్ కంపెనీ పెట్టెల మీద డెడ్‌బోల్ట్ అనే వైరస్ పడి ఫైళ్లకి తాళాలు వేసింది. రెండూ నేరుగా నెట్‌కి తెరిచి ఉన్న పెట్టెలే.

పైగా మనదగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లకి సొంత పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు చేరుకోగల నెట్ చిరునామా) ఉండదు, పోర్టు తెరిచినా బయటినుంచి రాలేరు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (మన పరికరాల మధ్యే ఉండే రహస్య దారి) పెట్టెలో ఒకసారి, చెల్లి ఫోన్‌లో ఒకసారి వేస్తే ఈ రెండు తలనొప్పులూ పోతాయి. తనకి ఫోటోల ఫోల్డర్ చూసే అనుమతే ఇచ్చాను, తీసేసే అనుమతి లేదు.

ఏ డిస్కు కొనాలి?

సీఎంఆర్ రకం, అంటే ట్రాకుల్ని పక్కపక్కన విడిగా రాసేది. ఎస్‌ఎంఆర్ రకం డిస్కులు ట్రాకుల్ని ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని మీదొకటి పేర్చి రాస్తాయి, రెయిడ్ మళ్లీ జత కట్టేటప్పుడు నత్తనడక నడుస్తాయి. 2020లో డబ్ల్యూడీ రెడ్‌లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని కంపెనీయే చెప్పింది, రెడ్ ప్లస్ సీఎంఆర్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా మోడల్ నంబరు చూసి, వారంటీ బిల్లు మీ పేరున తీసుకోండి.

4 టీబీ కొంటే 3.6 చూపిస్తోంది, మోసమా?

కాదు. కంపెనీ వెయ్యితో లెక్కకడుతుంది, కంప్యూటర్ 1024తో.

కరెంటు బిల్లు?

20 వాట్లు అనుకుంటే నెలకి 14 యూనిట్లు.

పెట్టె పాడైతే డిస్కు తీసి లాప్‌టాప్‌కి తగిలించి చూడొచ్చా?

విండోస్‌లో అయితే "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది. కంగారులో ఓకే కొట్టకండి. లోపల ఫైళ్లు రాసుకునే పద్ధతి (ఫైల్ సిస్టమ్) సాధారణంగా ఎక్స్‌ట్4 లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఉంటుంది, విండోస్ దాన్ని చదవలేదు, అంతే. లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో తెరవచ్చు, లేదా అదే కంపెనీ పెట్టె ఇంకోటి తెచ్చి అందులో కూర్చోబెట్టొచ్చు. విడి యూఎస్‌బీ డిస్కు మీద కాపీ ఉంటే ఈ అవస్థ అక్కర్లేదు. ఆ డిస్కుని విండోస్ నేరుగా చదివేలా ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి పెట్టుకోండి. ఎఫ్‌ఏటీ32 వద్దు, అందులో 4 జీబీ దాటిన వీడియో పట్టదు.

నేను ఇంట్లో లేనప్పుడు ఇంట్లోవాళ్లకి ఏదైనా కావాలంటే?

కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి: పెట్టె ఎక్కడుంది, యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఏ ఫోల్డర్‌లో ఏముంది, రెండో డిస్కు ఎవరింట్లో ఉంది. రాసి ఊరుకోకుండా ఇంట్లో ఒకరి చేత ఆ కాగితం చూసి ఒక ఫైలు తెరిపించండి. నేను అమ్మకిచ్చాను. మొదటిసారి రెండో లైను దగ్గర ఆగిపోయింది. "సర్వర్ అంటే నాకేం తెలుస్తుందిరా, టీవీ పక్కన నల్ల పెట్టె అని రాయి" అంది. అలాగే రాశాను. రెండోసారి పొలం పాసుపుస్తకం స్కాన్ తనే తెరిచి, ప్రింట్ కూడా తీసింది.